గొట్టం మీద కొట్టిన ఎస్

ఆ అక్షరం కొట్టింది మీరే. బోరోలుగ్ వేటసంఘం పెద్దల్లారా, మిమ్మల్నే అంటున్నది. ఒక సుత్తి, ఒక అచ్చు, ఒక్క దెబ్బ. దాంతో ఎవరూ ముట్టని పాత తుపాకులు అమ్ముడుపోయాయి, రాదెంకో కుడికన్ను పోయింది. కన్ను పోయినవాణ్ణి పట్టుకుని తాగుబోతన్నారు. ఆ మాట అన్నప్పుడు మీ చేతుల్లో రకియా సారా గ్లాసులున్నాయి. నోరు కడుక్కుని అన్నా కొంత బాగుండేది.

రాదెంకో అక్క ఒబ్రెనియా. పట్నంలో లేత్ మీద పని. ఆమె నోరూ లేత్ లాంటిదే, ఎదురుగా ఏదుంటే దాన్ని చెక్కేస్తుంది. కిందటి వసంతంలో సంఘం ఎక్కణ్ణుంచో పాత జర్మన్ వేట తుపాకులు ఒక పెట్టెడు తెచ్చింది. బోల్ట్ పిడి ఎత్తి, వెనక్కి లాగి, తూటా వేసి, ముందుకు తోసి దించే రకం. సభ్యులకే అమ్మింది. అక్కాతమ్ముళ్ళు చెరొకటి కొన్నారు.

రాదెంకోకి ఓపిక తక్కువ. తుడిచాడు, నూనె రాశాడు, అడవికి పట్టుకుపోయాడు. ఒబ్రెనియాకి మాత్రం తన తుపాకిని చూస్తే ఒళ్ళు మండింది. ఎవడో దాని చెక్కకి బల్లలకి వేసే వార్నిష్ పూశాడు. భుజానికి ఆనే చోట పగులు, ఆ పగుల్లో మైనం. ఇలాంటిదాన్ని భుజాన వేసుకుని కొండెక్కడం ఆమెకి సిగ్గనిపించింది. మొత్తం విప్పేసింది. పాత చెక్క పొయ్యిలో పెట్టింది. కొత్తది అక్రోటు దుంగలోంచి తనే చెక్కడం మొదలుపెట్టింది. గొట్టానికి దీపపు మసి పూసి చెక్కలో దించడం, పైకి తీయడం, మసి అంటిన చోట ఉలితో పల్చటి పొర లేపడం, మళ్ళీ దించడం. ఇనుమూ చెక్కా ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా కూర్చునేదాకా అదే పని. వేసవంతా గడిచిపోయింది. తుపాకి ఇంకా ముక్కలుగానే ఉంది.

అక్టోబరులో అడవిపంది మీద కాలుస్తుంటే రాదెంకో తుపాకి చిట్లింది. బోల్ట్ సందుల్లోంచి మంటా ఇనుప రవ్వలూ వెనక్కి తన్నాయి.

ఆస్పత్రికి అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చింది తియోసావ్. సంఘానికి అధ్యక్షుడు, పైగా రాదెంకోకి కుమ్. బాప్తిజం రోజున బిడ్డను ఎత్తుకుని పేరు పెట్టినవాడు. మా కొండల్లో కన్నతండ్రితోనైనా పోట్లాడతారు కానీ కుమ్ మీద ఈగ వాలనివ్వరు. తియోసావ్ మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు, వాడి నుదురు ముద్దు పెట్టుకున్నాడు. ఆ తర్వాత సంఘం సమావేశంలో లేచి, "పొద్దున్నే తాగొచ్చాడు. ఏ చెత్త తూటా పెట్టాడో" అన్నాడు. ముక్కలైన తుపాకిని విచారణ పేరు చెప్పి సంఘం గదిలో పెట్టి తాళం వేశాడు. విచారణ అయితే జరగలేదు. కుమ్ మాట కాబట్టి ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. ఒబ్రెనియా కూడా వేయలేదు. లోలోపల కొంత నమ్మింది.

జనవరిలో తోడేళ్ళు గొర్రెల దొడ్లలోకి దిగాయి. ఆదివారం పొద్దున ఊరంతా కలిసి కొండని చుట్టుముట్టి తరుముతామని సంఘం కబురు పంపింది. తన తుపాకి ఆ వేళకి సిద్ధం కాదని ఒబ్రెనియాకి తెలుసు. అయినా శనివారం మధ్యాహ్నం షెడ్డులో కూర్చుంది. గొట్టానికున్న పాత నల్లరంగు వదిలించి కొత్తగా వేయాలి. రేకు తొట్టిలో వినిగర్ పోసి గొట్టాన్ని అందులో నానబెట్టింది. తర్వాత తీసి బట్టతో రుద్దింది. రంగు మసిలా ఊడొచ్చి తెల్లటి ఇనుము బయటపడింది.

గొట్టం అడుగున, చెక్కలో దాగుండే చోట, ముద్ర ఉంది. 8×57, దాని పక్కన జె, ఆ పక్కన ఎస్. జె లోతుల్లో నలుపు పట్టేసి ఉంది, సూదితో గీకినా రాలేదు. ఎస్ లోపల మాత్రం కొత్త గిన్నెలా మెరిసిపోతోంది. వేలితో తడిమింది. జె అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. ఎస్ అంచు చర్మాన్ని గీరింది.

"రాదెంకో, ఇలా రా."

వాడు గుమ్మంలోనే ఆగాడు. ఆ మంట తర్వాత వాడు షెడ్డులోకి రావడం తగ్గించేశాడు. "ఇక్కణ్ణుంచే చెప్పు. ఉన్న ఒక్క కన్నుకీ వినిగర్ పడదు."

"ఈ రెండక్షరాలూ ఒక్క రోజు పుట్టినవి కావురా."

"అయితే?"

"అయితే ఏంటంటావేంటి? జె అంటే పాతకాలం సన్న గొట్టం. జెఎస్ అంటే తర్వాతొచ్చిన లావు గొట్టం, దానికి లావు గుండు. తూటా గూడు మాత్రం రెండిట్లోనూ ఒకటే, ఏది పెట్టినా బుద్ధిగా దూరుతుంది. కొట్లో ఇప్పుడు దొరికేది లావుదే. సన్నది కావాలంటే చేయించుకోవాలి. అందుకే జె తుపాకి ఊరికే ఇస్తానన్నా ఎవడూ తీసుకోడు."

రాదెంకో లోపలికొచ్చాడు. ఎస్ మీద తనూ వేలు పెట్టి చూశాడు. "కొలిచి చూడు" అన్నాడు.

చేపల వలకి కట్టే సీసం గుండొకటి వెతికింది. దానికి నూనె పూసి, గొట్టం మూతిలో పెట్టి, ఇత్తడి కడ్డీతో మెల్లగా కొడుతూ ఈ చివరి నుంచి ఆ చివరికి దింపింది. సీసం మెత్తన, గొట్టం ఎంత సన్నమో అంత సన్నమై అవతల పడింది. మందం కొలిచే కాలిపర్ దవడల మధ్య దాన్ని పట్టి మర బిగించింది. సంఘం అమ్మిన తూటా ఒకటి తీసి, గుండు పీకి, అవే దవడల్లోకి తోసింది. దూరలేదు. తిప్పి తోసింది. దూరలేదు.

"తేడా ఎంతుంది?" అన్నాడు రాదెంకో.

"వెంట్రుకంత."

"వెంట్రుకంతా?"

"ఆ సన్న గొట్టంలోంచి అంత లావు గుండుని మందు బలవంతంగా తోయాలి. దారి దొరక్క అది వెనక్కి తంతుంది. ఒకసారి తట్టుకుంటుంది, పదిసార్లు తట్టుకుంటుంది. ఎప్పటిదాకా తట్టుకుంటుందో ఆ ఇనుముకే తెలీదు."

రాదెంకో బల్ల అంచు పట్టుకున్నాడు. "నేను తాగలేదక్కా. అందరూ వేసినట్టే పొద్దున ఒక్క గుక్క వేశాను. కుమ్ చేత్తోనే పోశాడు."

ఒబ్రెనియా వాడి మొహం చూడలేకపోయింది. "ఆ పెట్టెలో తుపాకులు ఇంకెవరి దగ్గరున్నాయి?"

"స్లావిషా దగ్గరొకటి. విదోయే బాబాయి దగ్గరొకటి. మొత్తం ఇంకా ఆరు." అని ఆగాడు. "రేపు ఆరూ కొండెక్కుతాయి."

ఆమె సాయంత్రమే సంఘానికి ఫోన్ చేసింది. తియోసావ్ ఎత్తి, విని, "రేపు మాట్లాడదాంలే తల్లీ, వేట అయ్యాక" అని పెట్టేశాడు.

ఆదివారం తెల్లారాక వేటసంఘం వాకిట్లో మంచు తొక్కుకుంటూ మనుషులు పోగయ్యారు. కుక్కలు గొలుసులు లాగుతున్నాయి. పొయ్యి మీద రకియా వెచ్చబడుతోంది. ఒబ్రెనియా భుజాన తుపాకి ఉంది, రాత్రంతా కూర్చుని బిగించింది. కొత్త అక్రోటు చెక్క, నూనె తాగి ఎర్రగా ఉంది. గొట్టం మాత్రం రంగు లేక తెల్లగా, తోలు వొలిచినట్టుంది.

"మంచి చూపు" అన్నాడు ముసలి విదోయే. వేటగాళ్ళు ఎదురుపడితే అనుకునే మాట అది. అనేశాక వెనకున్న రాదెంకో కంటికట్టు కనపడింది. ముసలాయన టోపీ సర్దుకున్నాడు.

"ఏంటొబ్రెనియా, తుపాకికి చొక్కా తొడగకుండా తెచ్చావ్" అన్నాడు స్లావిషా. "చలేస్తుంది దానికి."

"నీదీ విప్పు స్లావిషా. లోపల ఏముందో చూద్దాం."

"ఇంతమందిలోనా? మా ఆవిడేమనుకుంటుంది?"

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్యలోనే ఆమె బల్ల మీద రకియా సీసా పక్కకి జరిపి సీసం గుండు, తూటా గుండు, బిగించిన కాలిపర్ పెట్టింది. చెప్పాల్సింది గట్టిగా చెప్పింది. నవ్వులు ఆగిపోయాయి. విదోయే కాలిపర్ అందుకుని సీసం దూర్చాడు, దూరింది. గుండు దూర్చాడు, దూరలేదు. కాలిపర్ స్లావిషా చేతిలో పెట్టి, తన భుజం మీది తుపాకి దించి గోడకి ఆనించాడు.

తియోసావ్ గుమ్మంలోంచి చూస్తున్నాడు. మెల్లగా మెట్లు దిగాడు. "సీసం నలిగి ఉంటుంది. గొట్టం ఏం చేసిందో, నీ సుత్తి ఏం చేసిందో ఎవరికి తెలుసు? ముద్ర చూడు. జెఎస్ అని ఉందా లేదా?"

"ఉంది. ఎస్ నిన్న మొన్న పుట్టింది."

"ఒబ్రెనియా, నేను నీ తమ్ముడికి కుమ్‌ని."

"తెలుసు. అందుకే ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాను."

"వీడు తాగి చేసిన పనికి ఊరందరి తుపాకులకీ తప్పు పెడతావా? అక్కడ దొడ్లలో గొర్రెలు చస్తున్నాయి. పదండ్రా."

కొందరు కదిలారు. స్లావిషా కాలిపర్ బల్ల మీద పెట్టి ఇటూ అటూ చూశాడు, తర్వాత తన తుపాకి బెల్టు సర్దుకున్నాడు. ఒబ్రెనియా అది చూసింది. ఆ క్షణంలో ఆమె చేయకూడని పని చేసింది.

"అయితే నువ్వే కాల్చు కుమ్." తన తుపాకి ముందుకి చాపింది. "నీ ముద్ర, నీ తూటా. కాల్చి చూపించు."

మా దగ్గర ఇనాత్ అని ఒకటుంది. మొండితనం అంటే దానికి చాలదు. పక్కవాడి ముందు తల దించడం కన్నా తన ఇంటికి తనే నిప్పు పెట్టుకోవడం నయం అనిపించే గుణం. ఊళ్ళు పోయాయి దానివల్ల. మగవాడికి పదిమందిలో సవాలు విసిరితే ఆ ఇనాత్ లేస్తుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒబ్రెనియాకి తెలియదా? తెలిసే విసిరింది.

తియోసావ్ తుపాకి లాక్కున్నాడు. జేబులోంచి తూటా తీసి గూట్లో పెట్టాడు. బోల్ట్ తోసి పిడి దించాడు. కంచె మీద బోర్లించిన బకెట్ వైపు తిరిగాడు.

"వద్దురా తియోసావ్" అన్నాడు విదోయే.

"పక్కకి జరగండి."

అందరూ జరిగారు. అప్పుడు తెలిసొచ్చింది ఒబ్రెనియాకి తను ఏం చేసిందో. తుపాకి చిట్లి పేలితే వీడి కన్ను పోతుంది. పోనీ అని ఒక నిమిషం మనసులో అనుకుంది కూడా, అబద్ధమెందుకు. కానీ పేలకపోతే? ఈ ఒక్కసారికి ఇనుము తట్టుకుంటే? బకెట్‌కి చిల్లు పడుతుంది, అందరూ చప్పట్లు కొడతారు, ఆరు తుపాకులూ కొండెక్కుతాయి, రాదెంకో చచ్చేదాకా తాగుబోతే. పేలినా ఓటమే, పేలకపోయినా ఓటమే. ఆ తుపాకిని ఆమే తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

తియోసావ్ వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది.

ఆమె దూకింది. కుడిపక్క నుంచి అరచేత్తో బోల్ట్ పిడిని కింద నుంచి పైకి కొట్టింది. పిడి లేచింది. వేలు నొక్కిందో లేదో ఎవరికీ తెలియదు, తూటాని పేల్చే సూది మాత్రం దాన్ని తాకలేదు. బోల్ట్‌ని వెనక్కి లాగింది. తూటా మంచులో పడి చిన్న గుంట చేసుకుంది.

తియోసావ్ ఇంకా తుపాకి ఎత్తే పట్టుకుని ఉన్నాడు. కళ్ళు రెండూ గట్టిగా మూసి ఉన్నాయి. మొహం పూర్తిగా ఎడమ భుజం వైపు తిరిగి ఉంది.

అది అందరూ చూశారు.

"మొహం ఎందుకు తిప్పుకున్నావు తియోసావ్?" విదోయే గొంతు పెద్దది చేయలేదు. "నలభై ఏళ్ళుగా నీ పక్కన నిలబడి కాలుస్తున్నాను. ఎన్నడూ మొహం తిప్పలేదు నువ్వు."

తియోసావ్ తుపాకి దించాడు. ఎవరికీ కాకుండా నేలకి చెప్పినట్టు, "ఎస్ లేకపోతే వాటిని కొనేదెవరు" అన్నాడు. "సంఘం అప్పుల్లో ఉంది. అందరూ చేస్తున్నదే. ఏమీ కాదన్నారు."

"కన్ను పోయాక కూడా ఏమీ కాలేదా?" రాదెంకో అడిగాడు. ఆ వాకిట్లో వాడు మాట్లాడడం అదే మొదలు. "నా నుదురు ముద్దెట్టుకున్నావే. అప్పటికే తెలుసా నీకు?"

స్లావిషా తన భుజం మీది తుపాకిని పాముని దించినట్టు దించాడు.

తియోసావ్ తూటా కోసం వంగబోయాడు. ఒబ్రెనియా బూటుతో దాన్ని తొక్కి పట్టింది.

"నన్ను చావనివ్వాల్సింది" అన్నాడు.

"నీ చావు నాకేం చేసుకోడానికి కుమ్? సంఘం గది తాళాలు తీసి బల్ల మీద పెట్టు. నా తమ్ముడి తుపాకి ముక్కలు బయటికి తే. ఆ పెట్టెలో వచ్చిన ప్రతి తుపాకీ ఇప్పుడే, ఇక్కడే, చెక్క విప్పి గొట్టం చూపించండి. నా దగ్గర సీసం చాలినంత ఉంది. అన్నీ కొలవకుండా ఒక్క మనిషీ కొండెక్కడానికి వీల్లేదు, గొర్రెలు చస్తే చావనీ. అచ్చు కొట్టినవాడెవడో పేరు చెప్పు, పోలీసుల ముందు కూడా అదే చెప్పాలి. అన్నిటికన్నా ముందు ఇటు తిరుగు, వీడి మొహంలోకి చూడు, ఊరందరూ వింటుండగా చెప్పు, రాదెంకో తాగి లేడని. కళ్ళు తెరిచి చెప్పు."