దిగిపోయే అలవాటు

శనివారం ఉదయం ఆరున్నర బస్సులో ఆమె ఎప్పుడూ వెనక తలుపు పక్క సీట్లోనే కూర్చునేది. ఒళ్లో గుడ్డసంచి, అందులో మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, ఒక సబ్బుబిళ్ల. బూట్లు తొడుక్కుని బస్సెక్కాలంటే మొహమాటం. నలభై ఒక్కేళ్ల మనిషి, బీమా ఆఫీసులో ఒక సెక్షన్‌కి పెద్ద, గుర్రపు స్వారీ నేర్చుకోవడానికి పోతోందంటే ఆఫీసులో అందరూ ముక్కున వేలేసుకుంటారు. అక్కడ ఆమె చాటుపేరు గడియారం. పదహారేళ్లలో ఒక్కరోజు ఆలస్యంగా వచ్చింది లేదు, ఒక్కరోజు ముందుగా ఇంటికెళ్లింది లేదు. గడియారాన్ని టైమెంతయిందని అడుగుతారు గాని, ఎలా ఉన్నావని ఎవరడుగుతారు?

నగరం అంచున, టైర్ల గోడౌను వెనక, రేకుల కప్పు కింద పన్నెండు గుర్రాలు. ముందు ఇసక పోసిన గుండ్రటి బరి, చుట్టూ కర్రల కంచె. చేరిన రోజు ఫారంలో ‘ఇదివరకటి అనుభవం’ అన్నచోట ‘లేదు’ అని రాసింది.

అది అబద్ధం. ఊహ తెలిసినప్పటి నుంచి పద్నాలుగేళ్లొచ్చే దాకా ఆమె గుర్రాల మధ్యే పెరిగింది. కాకపోతే అవి ఆమెవి కావు. నాన్న ఒక ఆసామి లాయంలో పనివాడు. లద్ది ఎత్తడం, మేత వేయడం, గుర్రాల ఒళ్లు తోమడం, పొద్దున్నే వాటిని కాలవ దాకా నడిపించి తేవడం ఆయన పని. నడిపించాల్సిన గుర్రం వీపు మీదికి కూతురిని ఎక్కించి, తాను పక్కన పరిగెత్తేవాడు. జీను లేదు, రికాబు లేదు, గుప్పెడు జూలు దొరికితే చాలు. ఒకటే షరతు. ఆసామి కారు చప్పుడు వినబడగానే జారి దిగిపోవాలి. దిగి, పగ్గం పట్టుకుని, తల వంచుకుని, లాయం దగ్గర్నుంచీ నడిపించుకుంటూనే వచ్చినట్టు నిలబడాలి. పనివాళ్ల పిల్లలు గుర్రమెక్కడం ఆసామికి గిట్టదు. లాయం పిల్లలందరికీ ఈ విద్య వచ్చు. ఎక్కడం కంటే ముందు దిగడం నేర్చుకున్నవాళ్లు వాళ్లు.

పద్నాలుగో ఏట ఒకరోజు, వాన హోరులో ఆమెకు కారు వినబడలేదు. ఆసామి ఆమెనేమీ అనలేదు. నాన్నను పిలిపించి, మిగతా పనివాళ్లందరి ముందూ తలగుడ్డ తీయించి, క్షమాపణ చెప్పించాడు. ఆ సాయంత్రం నాన్న కూడా తిట్టలేదు. బట్టల సబ్బుతో ఆమె చేతులు మోచేతుల దాకా తోముతూ, "ఈ వాసన పోవాలమ్మా. ఇదుంటే బళ్లో నీ పక్కన ఎవరూ కూర్చోరు. చదువుకో" అన్నాడు.

చదువుకుంది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషి ఆమే. ఇరవయ్యేడేళ్లు గుర్రం వంక కన్నెత్తి చూడలేదు. నిరుడు నాన్న పోయాక ఒకరోజు బస్సు కిటికీలోంచి ఈ స్వారీ బడి బోర్డు కనిపించింది. తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి నడిచి వచ్చింది. ఆ వీపు మీద తెలిసిన సంగతేదో ఇంకా తన ఒంట్లో మిగిలుందా, సబ్బుతో పాటే పోయిందా? అది తేల్చుకోవాలి. అడుగుదామంటే నాన్న లేడు.

పెద్దవాళ్లకు విడిగా క్లాసు లేదు. పిల్లలతో కలిపేశారు. మొదటి రోజే ఒక తొమ్మిదేళ్ల పిల్ల దగ్గరికొచ్చి అడిగింది.

"ఆంటీ, మీరూ మా క్లాసేనా? మీ అమ్మ రాలేదా?"

"రాలేదు. నేనొక్కదాన్నే వచ్చాను."

"మరి మీ నీళ్ల సీసా ఎవరు పట్టుకుంటారు?"

ఆమె సీసాను కంచె కర్రకు తగిలించింది. మూడు నెలలుగా ప్రతి శనివారం అది అక్కడే వేలాడుతోంది.

ఆ శనివారం మాస్టారు, ఆమెకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాడు. "మేడమ్, ఇవాళ మీకు పరీక్ష. పెద్ద పరుగులో మూడు చుట్లు. ఎక్కడా ఆగకుండా తిరిగారా, వచ్చే వారం నుంచి బయట దారి. ఆగారా, మళ్లీ మొదటికే."

బయట దారి అంటే గోడౌను వెనక మట్టిబాట. దాని పక్కనే ఒక కాలవ పారుతుంది. మూడు నెలలుగా ఆమె కళ్లు అటే ఉన్నాయి.

ఆమెకిచ్చిన గుర్రం ఇటుకరంగుది. పేరు కూడా ఇటుకే. మొదటి చుట్టు బిగుసుకుపోయి తిరిగింది. ఈ జీను ఒకటి, గుర్రానికీ మనిషికీ మధ్య గోడలాగా. రెండో చుట్టులో నడుము వదులైంది. మూడో చుట్టు సగంలో గోడ కరిగిపోయింది. ఇటుక ఊపిరి తన తొడలకు తెలుస్తోంది. ఉంది, ఎక్కడికీ పోలేదు అనుకుంది.

గేటు దగ్గర కారు హారన్ మోగింది.

ఏం జరిగిందో ఆమెకు తెలిసేలోపే అయిపోయింది. పాదాలు రికాబుల్లోంచి వాటంతటవే ఊడొచ్చాయి. ఒళ్లు ఒక పక్కకు జారింది. మరుక్షణం ఆమె ఇసకలో, గుర్రం తల పక్కన, పగ్గం పట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉంది.

మాస్టారు పరిగెత్తుకొచ్చాడు. "దెబ్బ తగిలిందా మేడమ్? పడ్డారా?"

"పడలేదు సార్" అంది తొమ్మిదేళ్ల పిల్ల కంచె మీంచి. "దిగారు. భలే దిగారు."

"పరిగెత్తే గుర్రం మీంచి దిగడం నేనింకా నేర్పలేదే" అన్నాడు మాస్టారు. "భయమేసిందా?"

ఆమె చెవులు మండుతున్నాయి. కారు నెమ్మదిగా లోపలికొచ్చి ఆఫీసు గది ముందు ఆగింది. బడి యజమాని దిగి, ఫోన్లో మాట్లాడుకుంటూ లోపలికెళ్లిపోయాడు.

ఇంతలో లాయం పెద్దాయన వచ్చాడు. అక్కడి గుర్రాల మంచీచెడూ చూసేది ఆయనే. జీను పట్టీ బిగించే మిషతో వంగి, ఆమెకు మాత్రమే వినబడేలా అడిగాడు.

"ఏ లాయం తల్లీ?"

ఆయన తొందరపెట్టకుండా పట్టీ విప్పి, మళ్లీ బిగించాడు.

"మా నాన్న పనిచేసేవాడు" అంది చివరికి. ఈ నగరంలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

"కారుకా, జీపుకా?"

"కారుకి."

"మా పిల్లలు జీపుకి దిగేవాళ్లు. మా పెద్దాడికి యాభై నిండాయి, ఇప్పటికీ వీధిలో జీపు చప్పుడైతే కుర్చీలోంచి లేచి నిలబడతాడు. కోడలు నవ్వుతుంది." పట్టీ మీద తట్టాడు. "ఎక్కు. ఇక్కడ నిన్ను దిగమనే హక్కు ఈ ఇటుకకి తప్ప ఇంకెవరికీ లేదు."

మాస్టారు మెత్తబడలేదు. మళ్లీ ఒకటో చుట్టు నుంచే అన్నాడు. ఆమె ఎక్కింది. మూడో చుట్టులో ఉండగా యజమాని బయటికొచ్చి కారు తీశాడు. ఇంజను చప్పుడుకు ఎడమ పాదం రికాబులోంచి జారింది. జారిన పాదంతోనే సగం చుట్టు తిరిగింది. తలగుడ్డ చేత్తో పట్టుకుని నాన్న కళ్ల ముందు నిలబడ్డాడు. ఆమె మోకాళ్లు బిగించి, పాదంతో వెతికి వెతికి రికాబును మళ్లీ పట్టుకుంది. కారు కంచె పక్కనుంచే వెళ్లింది. లోపలున్న మనిషి ఇటు తిరిగి చూడలేదు.

"వచ్చే వారం బయటికి" అని మాస్టారు పుస్తకంలో రాసుకున్నాడు. తొమ్మిదేళ్ల పిల్ల చప్పట్లు కొట్టింది. అంతలో వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లిపోయింది.

ఎవరికైనా చెప్పాలనిపించి, బస్సులోంచి తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, నాన్న మనల్ని కాలవ దాకా గుర్రం మీద తీసుకెళ్లేవాడు, గుర్తుందా?"

"నాకా? నేనప్పటికి పుట్టానా అక్కా?"

"నాలుగేళ్లు నీకు. నా ముందు కూర్చునేవాడివి. జూలు నోట్లో పెట్టుకునేవాడివి."

"ఛీ" అని నవ్వాడు. "ఏమో అక్కా, నాకేమీ గుర్తులేదు. ఏంటి, ఇవాళ ఇవన్నీ గుర్తొచ్చాయి?"

"ఊరికే."

"ఒంట్లో బాగుందా?"

"బాగుంది. పిల్లలు జాగ్రత్త."

ఫోన్ పెట్టేసింది. ఆ కాలవ, ఆ కారు, ఆ తలగుడ్డ ఇక తనకొక్కదానికే తెలుసు.

పక్క సీట్లో కూర్చున్నావిడ రెండుసార్లు ముక్కు ఎగబీల్చింది. తర్వాతి స్టాపులో లేచి, ముందుకెళ్లి, కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆమె తన మోచేతులు చూసుకుంది. ప్రతి వారం క్లాసవగానే పంపు దగ్గర కడుక్కునేది. ఇవాళ సబ్బు సంచిలోంచి తీయనే లేదు.

సంచి ఎత్తి, ఖాళీ అయిన సీట్లో పెట్టింది. అది తేలిగ్గా తగిలాక గాని, బూట్లు ఇంకా కాళ్లకే ఉన్నాయని తెలియలేదు.