మొక్కు జుట్టు

మధ్యాహ్నం పత్తి చేలో రెండో సాలు సగం కూడా ఏరకముందే లూదియాకు కబురొచ్చింది. తెచ్చినవాడు మేస్త్రీ శ్రీనివాసులు. చేలోకి దిగితే చెప్పుల్లో మట్టి పడుతుందని గట్టు మీదనే నిలబడి అరిచాడు.

“మ్మే లూదియా, అయ్యోరు నిన్ను బడికాడికి రమ్మంటాండాడు. కత్తెర తీసుకోని రావల్లంట.”

“మల్లా ఏందన్నా?”

“పేలంట. నీ బిడ్డ తలకాయలో. నంద్యాల నుంచి హెల్తాఫీసరు వస్తాండాడంట మూడు గంటలకు. బేగా పో. నీకు ఒంటిపూటే రాసుకుంటా.”

రోజు కూలి పన్నెండణాలు. అందులో ఆరణాలు ఆ విధంగా పేలు తినేశాయి. లూదియా ఒడిలోని పత్తిని గోతాంలో దులిపి, హరిజనవాడలో తన గుడిసెకు పోయి, చూరులో దోపిన కత్తెర తీసుకుంది. అది గొర్రెలకు బొచ్చు కత్తిరించే కత్తెర. ఆమె తమ్ముడు దేవరాజు రుద్రవరంలో గొర్రెలవాళ్లను బతిమాలి తెచ్చాడు. పోయిన దసరా నుంచి ఇప్పటికి రెండుసార్లు లూదియా దానితో తన కూతురు దెబోరా జుట్టు కత్తిరించింది. రెండుసార్లూ బడి ముందర, ఎండలో, పిల్లలందరూ చూస్తుండగా.

ఊళ్లో మంగలి లేడా అంటే ఉన్నాడు. మద్దిలేటి మంచి పనివాడు. కానీ అతని కత్తి హరిజనవాడ తలకాయలను ముట్టకూడదు. ముట్టిందని తెలిస్తే పెద్దిండ్లవాళ్లు ఆ కత్తికి గడ్డం ఇవ్వరు, ఏడాదికి కొలిచే జొన్నలూ ఇవ్వరు. కాబట్టి గొర్రె బొచ్చుకూ ఆ పిల్లల జుట్టుకూ ఒకటే కత్తెర చాలని ఊరు నిర్ణయించుకుంది. అంటరానితనం నేరమని చట్టం వచ్చి మూడేళ్లు కావస్తోంది. అది ఆళ్లగడ్డ దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి ఈ ఊరికి మూడు మైళ్లు నడవలేక ఆగిపోయింది.

ఈ ఊరి బోర్డు స్కూలుకు హెడ్మాస్టరు చక్రపాణి. హెడ్మాస్టరంటే ఆయన కింద ఇంకో మాస్టరున్నాడని కాదు. ఉన్నది ఆయనొక్కడే. అయిదు తరగతులకూ ఆయనే పాఠం, ఆయనే గంట, ఆయనే బెత్తం. పాఠం తక్కువ, బెత్తం ఎక్కువ. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందని సామెత. ఈయనకు ఆ సామెత చెబితే పేనుకు అన్యాయం చేసినట్టే అవుతుంది. పేను తన కడుపు కోసం కొరుకుతుంది. చక్రపాణి పెద్దిండ్లవాళ్ల మెప్పు కోసం కొరుకుతాడు.

బడిపిల్లల తలల్లో పేలున్న సంగతి నంద్యాల ఆఫీసుకు తెలియకపోలేదు. పోయిన డిసెంబరులో ఆరు డబ్బాల తెల్ల పొడి పంపింది. పిల్లలందరి తలలకూ పట్టించి, గుడ్డ కట్టించి, మర్నాడు కడిగించమని కాగితం కూడా పంపింది. చక్రపాణి కాగితాన్ని భద్రంగా దాచాడు. డబ్బాల్లో నాలుగింటిని ఊరి పెద్దరైతు ఓబుళపతి ఇంటికి పంపాడు, వాళ్ల మంచాల్లో నల్లులు ఎక్కువయ్యాయని విని. ఒకటి తన వంటింట్లో చీమలకు చల్లుకున్నాడు. ఆరోదాన్ని మూత విప్పకుండా బీరువాలో పెట్టాడు, ఎవరైనా అడిగితే చూపించడానికి. పిల్లల తలలకు ఇక మిగిలింది గొర్రె కత్తెర. అది కూడా అందరికీ కాదు.

లూదియా పోయేసరికి బడి ముందర ముగ్గురు ఆడపిల్లలు ఎండలో వరసగా కూర్చుని ఉన్నారు. ముగ్గురూ వాడవాళ్లే. చివర దెబోరా. మిగతా ఇద్దరి తల్లులు దొర్నిపాడు వైపు కూలికి పోయారు కాబట్టి ఆ రెండు తలలూ లూదియాకే అప్పగించాడు చక్రపాణి.

దెబోరా తల్లిని చూసి ఏడవలేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుంది, అంతే. జుట్టు ఇప్పుడిప్పుడే చెవుల మీదికి దిగుతోంది.

పోయినసారి కత్తిరించినప్పుడు ఆ పిల్ల తొమ్మిది రోజులు గుడిసె దాటి బయటికి రాలేదు. తలకు గుడ్డ చుట్టుకుని మూల పడుకుంది. బోడిదానా అని బడిపిల్లలు పిలిచిన పిలుపు ఆమె చెవిలోనుంచి పోలేదు. ఇంకోసారి కత్తెర పెడితే చచ్చినా బడికి పోనంది. పెట్టనని లూదియా ప్రభువు మీద ఒట్టు వేసింది. అప్పుడే ఆ పిల్ల పలక పట్టుకుంది. దెబోరా నాలుగో తరగతి. ఆ బడిలో భిన్నాల లెక్క తప్పు లేకుండా చేసేది ఆమె ఒక్కతే. అయిదు పాసైతే నంద్యాలలో మిషన్ హాస్టలుకు పంపవచ్చని పాదిరిగారు చెప్పారు. పాసు కాకపోతే ఎక్కడికి పంపాలో ఎవరూ చెప్పనక్కరలేదు. పత్తి చేలో పిల్లకూలి అయిదణాలు. ఆ చేను ఎక్కడికీ పోదు.

అందుకే లూదియా రోజూ పడుకునే ముందు కూతురి తలకు వేపనూనె రాసి, పేల దువ్వెనతో చర్మం కందేదాకా దువ్వేది.

“నిన్న చూస్తిని గదే,” అంది ఇప్పుడు కూతురి ముందు గొంతుక్కూర్చుని. “ఒక్కటి గూడా ల్యాకపాయ. యాడివే ఇవి?”

 చక్రపాణి దగ్గరికి వచ్చి, చేయి తగలకుండా బెత్తం కొనతో ఆ పిల్ల జుట్టు పైకెత్తాడు. చెవి వెనక రెండు పేలు పాకుతున్నాయి.

“యాడివి అని అడుగుతాండావా? మీ ఇండ్లల్లోవి,” అన్నాడు. “నీళ్లు పోసుకోరు, గుడ్డలు ఉతుక్కోరు. మీ మూలంగా బడికంతా చెడ్డపేరు. రెండు గంటలైంది. కానీ, పట్టు కత్తెర.”

ఆ మాట ఆయన అంటున్నప్పుడు, ఆయన వెనక వసారాలో బల్ల మీద కూర్చున్న ప్రసన్నకుమారి రెండు చేతులూ జుట్టులోకి దూర్చి తల గోక్కుంటోంది. బడిలో అందరికీ నేల, ఆ పిల్లకు మాత్రం ఇంటినుంచి తెచ్చి వేసిన బల్ల. ఓబుళపతి కూతురు. ఎనిమిదేళ్లది. ఆ తలలో పేలున్నాయని దారిన పోయేవాడికి కూడా తెలుస్తుంది. చక్రపాణికి తెలియదు. జీతం తీసుకుని చూడకుండా ఉండటం కూడా ఒక విద్యే.

ఆ జుట్టుకు ఒక చరిత్ర ఉంది. ఓబుళపతికి ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడో బిడ్డ బతికితే మూడో ఏట అహోబిలంలో పుట్టువెంట్రుకలు తీయించి, వెయ్యిమందికి అన్నం పెడతానని ఆయన నరసింహస్వామికి మొక్కుకున్నాడు. బిడ్డ బతికింది. మూడో ఏడు వచ్చింది. వెయ్యిమందికి ఎన్ని బస్తాల బియ్యమవుతుందో ఓబుళపతి కాగితం మీద వేసి చూసుకున్నాడు. చూసుకున్న తర్వాత, ఆ ఏడు వానలు లేవన్నాడు. మరుసటి ఏడు కోర్టు పని అన్నాడు. ఆ మీదటి ఏడు ముహూర్తం కుదరలేదన్నాడు. స్వామి వచ్చి అడగడు గదా. అయిదేళ్లుగా స్వామికి బాకీ పడ్డవాడు ఊళ్లో మాత్రం భక్తుడు. ఆ బాకీని కూతురి నెత్తిన పెట్టి బడికి పంపుతున్నాడు.

మొక్కు తీరేదాకా ఆ జుట్టుకు ఇనుము తగలకూడదు. అంతవరకు అందరూ ఎరిగిన ఆచారమే. ఆ ఇంట్లో ఇంకాస్త ముందుకు పోయారు. పేల దువ్వెన పెడితే వెంట్రుకలు తెగుతాయని, తెగితే స్వామి సొత్తు పోతుందని తల్లి కమలాక్షమ్మ దువ్వెనే మాన్పించింది. రాలిన వెంట్రుకలు ఏరి పసుపుగుడ్డలో మూటకడుతుంది. ఆఫీసు పంపిన పొడి నాలుగు డబ్బాలు ఇంట్లో ఉన్నా దేవుని జుట్టుకు విషం పూస్తామా అని ముట్టలేదు. ఆ ఇంట్లో నల్లులన్నీ చచ్చాయి. పేలు మాత్రం నరసింహస్వామి పేరు చెప్పుకుని సుఖంగా పెరిగాయి.

లూదియా కత్తెర చేతిలోకి తీసుకుంది. పలక మీద జుట్టు పడుతుందని, దెబోరా ఒడిలోని సంచిని పక్కకు జరపబోయింది. సంచిలో ఏదో గలగలమంది. చూస్తే గుడ్డపీలికలో చుట్టిన బలపాలు. తొమ్మిదో పదో ఉంటాయి. ఒక్కటీ అరగనివి. తాను కొనిచ్చింది నెలకు ఒకటి, అదీ ముక్క.

“ఇవి యాడివే?”

“ప్రసన్న ఇచ్చె.”

“ఊరికేనా?”

దెబోరా అయ్యవారి వైపు చూసి తల వంచుకుంది. “తల చూసినందుకు,” అంది మెల్లగా.

“ఏందీ?”

“ఆయమ్మికి దురద తట్టుకోను అవతాలేదు మా. వాళ్లమ్మ చూడదంట. దినాము గంట కొట్టినాక గోడెనకాల నా ఒళ్లో తల పెట్టుకుంటాది. నేను పేలు తీసి కుక్కుతా. వారానికి ఒక బలపం.”

లూదియా ఆ బలపాలను మళ్లీ గుడ్డపీలికలో చుట్టింది. వేపనూనె రాసిన రాత్రులన్నీ గుర్తొచ్చాయి. దువ్వెన పళ్లకు కూతురు విలవిల్లాడిన రాత్రులు. ఇదంతా నా ఇంటి మురికేనని సిగ్గుతో చచ్చిన రోజులు. ఆమెకు ముందు కడుపు మండింది. తర్వాత ఆశ్చర్యంగా, తేలికగా అనిపించింది.

ఆమె లేచి నిలబడింది.

“అయ్యోరూ, పేలు మా ఇండ్లల్లోవి గాదంట. ఆ బల్ల మీదివంట.”

చక్రపాణి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయనను భయపెట్టింది పేలు కాదు. వాడ పిల్ల ఒడిలో ఓబుళపతి కూతురు తల పెట్టిందన్న మాట. నరసింహస్వామి జుట్టును దెబోరా చేతులు ముట్టాయన్న మాట. తన బడిలో, తాను గంట కొట్టాక, ఇన్ని నెలలుగా. ఈ మాట పెద్దింటికి చేరితే తనను ఏ అడవి ఊరికి బదిలీ చేయిస్తారోనని ఆయన అప్పుడే లెక్క వేసుకుంటున్నాడు.

“నోరు ముయ్,” అన్నాడు గొంతు తగ్గించి. “ఆ మాట ఇంగోసారి అంటే నీ బిడ్డ పేరు కొట్టేస్తా. బడిపిల్ల గాదు, ఏమీ గాదు. బేగా కత్తిరించి పిల్చుకోని పో.”

“కత్తిరిస్తే పోతాయా? రేపు మల్లా ఆ తలలోవి ఈ తలకు వస్తాయి గదా.”

“అదంతా నీకేంటికి? ఆ జుట్టు వేరు. అది స్వామివారిది.”

“పేలు గూడా స్వామివేనా అయ్యోరూ?”

ఆమె వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. చక్రపాణి బెత్తం ఎత్తాడు గాని ఎవరి మీద దించాలో తెలియక మళ్లీ కిందికి వదిలాడు.

ఆ సందడిలో ప్రసన్నకుమారి బల్ల దిగి రావడం ఎవరూ గమనించలేదు. పట్టుపావడా ఎత్తిపట్టుకుని ఎండలోకి వచ్చింది. వరసలో దెబోరా పక్కన నేల మీద చతికిలబడి, అట్టలు కట్టిన జుట్టును ముందుకు వేసుకుని, లూదియా ముందు మెడ వంచింది.

“నాది గూడా కొయ్యి,” అంది.

“లెయ్ తల్లీ,” అన్నాడు చక్రపాణి. ఆ గొంతు అంత మెత్తగా ఉండగలదని బడిపిల్లలకు ఇంతవరకు తెలియదు. “మట్టిలో కూచ్చుంటారా? నీది నరసింహస్వామి జుట్టమ్మా. మనది గాదు.”

“సామిదైతే దురద నాకేంటికి పుడతాంది అయ్యోరూ?”

చక్రపాణి ఆ పిల్లను లేపబోయి, మెడ చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు.

లూదియా ఆ పిల్ల మెడ చూసింది. మెడ మీది వెంట్రుకలకు తెల్లగా ఈపులు, పేలగుడ్లు, పట్టి ఉన్నాయి. వాటి కింద గోళ్లతో గీరిన పుండ్లు చీము పట్టాయి. ముప్పై ఎకరాల పత్తి చేనుకు వారసురాలు ఆ పిల్ల. దెబోరా తల ఎన్నడూ అంత పాడుకాలేదు. లూదియాకు జాలి వేసింది. కత్తెర చేతిలోనే ఉంది. ఒక్క కోత చాలు. ఆ ఒక్క కోతకు సాయంత్రానికి వాడలో ఎన్ని గుడిసెలు అంటుకుంటాయో కూడా ఆమెకు తెలుసు.

ఆమె వంగి కత్తెరను చక్రపాణి కాళ్ల దగ్గర పెట్టింది.

“నా చెయ్యి ఈ బిడ్డను ముట్టగూడదు గదా. నీది ముట్టచ్చు. ముందు ఈమెది నువ్వు కొయ్యప్పా. ఆపైన నా బిడ్డది నేనే కోస్తా.”

“తలకాయ తిరుగుతాందా నీకు?”

“లేదప్పా. ఇన్నాళ్లు తిరిగింది.”

“పేరు కొట్టేస్తా అన్నా గదా. ఇప్పుడే కొట్టేస్తా.”

“కొట్టెయ్. ఆ ఆఫీసరు వచ్చినాక, ఆయప్ప ముందర కొట్టెయ్. ఏంటికి కొట్టినావో గూడా చెప్పు. అంతవరకు మేం యాడికీ పోం.”

అని లూదియా ఆ పిల్లల పక్కన, ఎండలో, వరసలోనే కూర్చుంది.  పెద్దిండ్లవాళ్ల మనిషి ముందు కూర్చుని మాట్లాడటం ఆమెకు ఇదే మొదలు. నిలబడటం కన్నా కూర్చోవడానికే ఎక్కువ ధైర్యం కావాలని ఆమెకు అప్పుడు తెలిసింది.

మూడు కావడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. చక్రపాణి కత్తెర వైపు చూశాడు. ఆళ్లగడ్డ దారి వైపు చూశాడు. ఓబుళపతి ఇంటి వైపు కూడా చూశాడు. ఎటూ కదల్లేదు. వసారాలో పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు. వాళ్లను లోపలికి పొమ్మని కూడా ఆయన అనలేదు.

ఎండకు ప్రసన్నకుమారి తలలో పేలు ఎక్కువగా కదిలినట్టున్నాయి. ఆ పిల్ల ఓర్చుకోలేక, రోజూ గోడ వెనక చేసినట్టే, పక్కకు వాలి దెబోరా ఒడిలో తల పెట్టేసింది. దెబోరా చేతులు ముందు వెనక్కి పోయాయి. ఆమె తల్లి మొహంలోకి చూసింది.

లూదియా వద్దనలేదు. దెబోరా ఆ జుట్టును రెండు పాయలుగా విడదీసి పేలు చూడటం మొదలుపెట్టింది.