మూలన పెట్టిన ఎర్ర పడవ

వీబ్కె హార్కోర్ట్ జర్మనీలోని ఎస్సెన్‌లో బల్లమీద ఆడుకునే ఆటలకు ఫొటోలు తీస్తుంది. అదీ ఇంకా తయారుకాని ఆటలకు. జనం వెబ్‌సైటులో ఆ ఫొటోలు చూసి ముందే డబ్బు కడితే ఆట అచ్చవుతుంది, లేకపోతే అటకెక్కుతుంది. కాబట్టి లేని వస్తువును ఉన్నదానికంటే అందంగా చూపించడం ఆవిడ వృత్తి. ఆవిడ ఫొటోల్లో పాచిక మీద ఎప్పుడూ ఆరే పడుతుంది, అడుగున జిగురు ఉంటుంది కనుక. నూట నలభై ఆటలకు ఫొటోలు తీసింది గానీ ఒక్కటీ ఆడి ఎరగదు.

ఓర్ట్‌విన్ క్నోబెల్ రిటైరైన తపాలా ఉద్యోగి. పదకొండేళ్లు కూర్చుని ఉప్పు పడవల ఆట ఒకటి కనిపెట్టాడు. వంటింటి బల్లమీద తనే ఫొటోలు తీసి రెండుసార్లు వెబ్‌సైటులో పెట్టాడు. రెండుసార్లూ గుండుసున్నా. ఈ మూడోసారీ కాకపోతే పెట్టెను నేలమాళిగలో పడేసి తాళం వేస్తానని తనకు తనే మాటిచ్చుకుని వీబ్కె దగ్గరికి వచ్చాడు.

ఆవిడ పట్టకారుతో పడవలను ముచ్చటగా పేర్చబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. నిజంగా ఆడితే ఎక్కడికి చేరతాయో అక్కడే ఉండాలట. ఆడటానికి నలుగురు కావాలి కదా అని అడిగితే, నలుగురి బదులూ తనే ఆడతానన్నాడు. ఆడాడు కూడా, కుర్చీ మార్చి కుర్చీలో కూర్చుంటూ, ప్రతి ఎత్తూ నోటుబుక్కులో రాసుకుంటూ, నాలుగు గంటలు. ఒక కుర్చీలో ఉన్నప్పుడు పక్క కుర్చీవాడి చీట్లు కంటపడకుండా మొహం తిప్పుకున్నాడు. ఈ నిజాయితీ అంతా ఎవరికి చూపిస్తున్నాడో గానీ, కిటికీలో వెలుగు తగ్గిపోతుంటే వీబ్కెకు తలప్రాణం తోకకొచ్చింది.

తీరా ఆట ముగిశాక చూస్తే బల్ల కుడి మూల బోసిగా ఉంది. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. వీబ్కె ఒక ఎర్ర పడవను తీసి ఆ మూల రేవులో పెట్టి ఫొటో కొట్టేసింది. ఎవడు చూడొచ్చాడు అనుకుంది.

జర్మనీ అంతా చూసింది. ఆట వెబ్‌సైటుకెక్కిన గంటలోనే బాంబెర్గ్ నుంచి లుట్గార్డ్ అనే ఆవిడ రాసింది. మూడో ఫొటోలో ఎర్ర పడవ తప్పు, ఉప్పు దించని పడవ ఆ రేవుకు రాకూడదని ఫొటోల కిందే పెట్టిన నియమాల పుస్తకం పద్నాలుగో పేజీలో ఉంది, మీ పుస్తకం మీరే చదవలేదా అని. ఆ వెబ్‌సైటులో వ్యాఖ్య రాయాలంటే ముందు ఒక్క యూరో అయినా కట్టాలి. కోడిగుడ్డుకు ఈకలు పీకే భాగ్యం దొరుకుతుంటే యూరో ఒక లెక్కా? సాయంత్రానికి మూడొందల మంది డబ్బు కట్టి మరీ తిట్టారు. అన్నీ ఒక్కో యూరోలే, వాటితో పెట్టె మూతైనా అచ్చవదు.

వీబ్కె నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. ఓర్ట్‌విన్‌కు ఫోన్ చేసి, పడవ జరిపింది తనేనని, ఆ సంగతే అందరికీ రాసేస్తానని చెప్పింది.

“రాయండి,” అన్నాడాయన. “మూల బోసిగా ఉందని నాతో అనుంటే ఇంకో ఆట ఆడేవాణ్ణి కదండీ, హార్కోర్ట్ గారూ,” అన్నాడు.

నాలుగు తిట్టినా బాగుండేది. వీబ్కె సిగ్గుతో చచ్చిపోయింది.

ఆవిడ తప్పు ఒప్పుకుంటూ వెబ్‌సైటులో రాసింది. దాని కిందే ఆయన ఆ రోజు ఆట మొత్తం, మొదటి ఎత్తు నుంచి నూట పన్నెండో ఎత్తు దాకా ఎక్కించాడు. ఆట పటమూ చీట్లూ అక్కడే ఉచితంగా ఉన్నాయి, నమ్మనివాళ్లు అచ్చు తీసుకుని ఆడి చూసుకోవచ్చన్నాడు. నమ్మనివాళ్లకేం కొదవ? బొత్తాలూ సీసామూతలూ పడవలుగా పేర్చుకుని, ఇంకో తప్పు పట్టందే లేచేది లేదని ఊరూరా కూర్చున్నారు. తప్పు దొరకలేదు గానీ ఆట తలకెక్కింది. యూరోతో సరిపెట్టినవాళ్లు ఒక్కొక్కరే పెట్టె ధర కట్టసాగారు. తొమ్మిదో రోజుకు కావలసిన మొత్తం దాటింది.

లుట్గార్డ్ అంతటితో ఊరుకునే రకమా? ఆ రోజే మళ్లీ రాసింది. “ఎర్ర పడవలవాడు నలభయ్యో ఎత్తులోనే గెలవాల్సింది. ఎవడండీ ఆ మొద్దు?”

“నేనే,” అని ఓర్ట్‌విన్ జవాబు రాశాడు. “నీలం పడవలూ నావే. నలుగురూ నేనే. పదకొండేళ్లుగా.”

దానికి లుట్గార్డే జవాబు రాసింది, ఆదివారం తమ ఇంట్లో ముగ్గురు ఆటకు కూర్చుంటారని, నాలుగో కుర్చీ ఖాళీగా ఉందని.

మర్నాడు పొద్దున్నే ఓర్ట్‌విన్ స్టూడియోకు వచ్చాడు. ఫొటోల సంగతి ఎత్తలేదు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగాడు.

“మీరు ఇన్ని ఆటలు చూశారు కదా, ఒకటి అడుగుతాను. మనుషులతో ఆడేటప్పుడు, అవతలివాళ్లు ఎత్తు ఆలోచిస్తుంటే మనం ఎటు చూస్తూ కూర్చోవాలండీ?”

వీబ్కె కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు, జవాబు కోసం నిలబడే ఉన్నాడు.