మంగళవారం చావని కణాలు

ఆ ల్యాబ్‌లో పిన్నిని పిన్నీ అనని వాళ్ళు లేరు. క్యాన్సర్ కణాలను ప్లేట్లలో పెంచి పోషించడం ఆవిడ ఉద్యోగం. వాటితో కబుర్లు కూడా చెబుతుందని వెనకాల నవ్వుకునేవారు. చెబుతుంది మరి, ఎవరికేం నష్టం!

నష్టం బుడ్డదానికి వచ్చింది. ఆ రీసెర్చ్ పిల్లను అలా పిలిచేది పిన్ని ఒక్కతే. మూడేళ్ళుగా ఆ పిల్ల ఒకే మందు పట్టుకుని వేలాడుతోంది. అది పడితే క్యాన్సర్ కణం తనంతట తానే చావాలి. శుక్రవారం వేస్తే చచ్చేవి, మంగళవారం వేస్తే నిక్షేపంగా ఉండేవి. ఈ వారం కూడా లెక్క కుదరకపోతే ప్రాజెక్టు మూసేస్తానని ల్యాబ్ పెద్ద సార్ తేల్చి చెప్పేశాడు.

"మంగళవారం నా చేతులకేం రోగం వస్తుందో పిన్నీ," అంటూ బుడ్డది బల్ల మీద తల వాల్చేసింది.

పిన్నికి తన మంగళవారం పని గుర్తొచ్చింది. కణాలను ఒంటి వేడిలో ఉంచే ఇంక్యుబేటర్‌ను తను కడిగేది మంగళవారం పొద్దున్నే. కడిగినంతసేపూ ఏసీకి చల్లబడిపోతాయని ప్లేట్లను గాజుసామాను ఆరబెట్టే పెట్టె మీద వెచ్చగా ఉంచేది. ఓ గంట. ఎవరూ ఉంచమనలేదు. చెబితే సార్ ఊరుకోడు. చెప్పకపోతే పిల్ల మూడేళ్ళ కష్టం నీళ్ళపాలు.

"తప్పు నాదేనమ్మా," అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. "పాపం, చలేస్తుందేమోనని..."

బుడ్డది తిట్టలేదు. గబగబా వెళ్ళి ఆ పెట్టె మీద థర్మామీటర్ పెట్టి చూసింది. నలభై రెండు డిగ్రీలు! ఉండాల్సింది ముప్పై ఏడు.

"పిన్నీ! వేడి తగిలితే కణం ఒక ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. మిగతా ప్రొటీన్లు చెడిపోకుండా దగ్గరుండి చూసుకుంటుందది, అచ్చం నీలాగే. అది ఉందంటే మందు చావమన్నా కణం చావదు. ఒంట్లో కాపలా కణాలు మీదపడ్డా అడ్డుపడుతుంది. క్యాన్సర్ మొండికేసేది ఇందుకే!"

సార్ పిన్నిని చెడామడా తిట్టాడు. తిట్టి, "ఆ ప్రొటీన్‌ను ఆపి చూడు," అని బుడ్డదానికి ఇంకో వారం ఇచ్చాడు.

ఆ మంగళవారం పిన్ని తన చేతులతోనే గడియారం చూసుకుంటూ ప్లేట్లను గంటసేపు వెచ్చబెట్టింది. బుడ్డది సగం ప్లేట్లలో ఒట్టి మందు వేసింది, మిగతా సగంలో మందుతో పాటు ప్రొటీన్‌ను ఆపే రసాయనం కూడా వేసింది. రెండు రోజులాగి మైక్రోస్కోప్‌లో చూసి కేక పెట్టింది.

"ఒట్టి మందు వేసినవి బతికే ఉన్నాయి. ఇవి మాత్రం చచ్చాయి పిన్నీ! ఒక్కటీ మిగల్లేదు!"

పిన్ని కూడా కన్ను పెట్టి చూసింది. ఇన్నాళ్ళూ వేళకు తిండి పెట్టి సాకినవి. ప్రాణం చివుక్కుమంది. పక్కన పిల్ల ఏడుస్తూ నవ్వుతోంది.

"పోతే పోయాయి వెధవలు," అంటూ పిన్ని దాన్ని గట్టిగా కావలించుకుంది. "నువ్వు గట్టెక్కావు, నాకది చాలు."