శంఖలేఖ నీడ

మాట్నీ నుంచి వచ్చి చీరయినా మార్చుకోకుండా పొయ్యి అంటించాను. సినిమాకి వెళ్ళొచ్చిన రోజు మా ఇంట్లో మగమనిషికి ఆకలి ఎక్కువ. ఆయన పీట వాల్చుకు కూర్చుని, "సినిమా అదిరిపోనాది. నువ్వు సదివిన కతకంటే ఇదే బాగుంది" అన్నారు. ఆ కథ ఆయన ఒక్క పేజీ చదవలేదు.

నేను చదివాను. పెళ్ళికి ముందు వారపత్రికలో నలభై మూడు వారాలు వచ్చిన సీరియల్ అది. వారం వారం పేజీలు కత్తిరించి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి, మల్కాపురం కాపురానికి తెచ్చుకున్నాను. శంఖలేఖ అనే పడవవాళ్ళ పిల్లని రాజు పెళ్ళాడతాడు. మర్నాటికి ఆమె నీడ కనిపించదు. నీడ లేని మనిషి కోట దాటితే కరిగిపోతుందట. పన్నెండేళ్ళకి ఆమె రాజు మంచం కింది పెట్టె తెరిచి, అందులో ఉన్న తన నీడని భుజాన వేసుకుని పడవెక్కి వెళ్ళిపోతుంది. సినిమాలో నీడ దొంగిలించింది ఎవరో మాంత్రికుడు. రాజు వాడి తల నరికి నీడ తెచ్చిస్తే ఆమె అతని కాళ్ళ మీద పడుతుంది. హాలంతా ఈలలు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు కుళాయి దగ్గర పక్కింటి కనకరత్నంతో, నీడ దాచింది రాజే, సినిమాలో మార్చేశారు అన్నాను. నా పుస్తకం రెండుసార్లు చదివిన మనిషి. ఆమె బిందె తోముతూ, పుస్తకంలోనూ మాంత్రికుడే కదా అంది. మిగతావాళ్ళూ అవునన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదో దారి అని నవ్వింది కనకరత్నం. గబగబా ఇంటికొచ్చి పుస్తకం తీశాను. వీధంతా చేతులు మారిన పుస్తకం. ఆఖరి ఆరు వారాల పేజీలూ ఊడిపోయాయి.

అప్పుడు భయం పట్టుకుంది. మాంత్రికుడేనేమో. సాయంత్రాలు మా వీధి వెనక రిఫైనరీ గొట్టం మీది మంట వెలుగు మా గోడ మీద పడి, బిందె నీడ, ఆయన చొక్కా నీడ కదులుతుంటే వాటిలో నాది ఉందా అని వెతుక్కునేదాన్ని. సినిమాతార ముఖం అడ్డం పడి నా శంఖలేఖ ముఖం గుర్తురావడం మానేసింది. మనిషి మాత్రం పోలేదు. కూర తరుగుతుంటే వెనక నిలబడి ఉన్నట్టే ఉండేది. తిరిగి చూసే ధైర్యం ఉండేది కాదు.

ఎందుకంటే ఇలా కథ మారడం మా ఇంట్లోనూ జరిగింది. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసేదాన్ని. డెబ్బై ఒకటిలో పాప పుట్టాక మానేశాను. కోడలే ఓపిక లేక మానేసింది, ఎవరూ మానమనలేదని మా అత్తగారు ఆదిలక్ష్మమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. ఆయన తల ఊపుతారు. ఎనిమిదేళ్ళుగా విని విని నేనూ ఊపుతున్నాను. కానీ రాజీనామా కాగితం మీది అక్షరాలు కుడివైపు ఒరిగి, పోర్టులో పనిచేసే ఆయన డ్యూటీ పుస్తకంలో రాసేవాటిలాగే ఉన్నట్టు గుర్తు. బాలింతగా మంచం మీద ఉన్న నాకు ఆయనే కలం అందించి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు. ఇదయినా నిజమేనా, ఇదీ నేను కల్పించుకున్నదేనా? ఇది కూడా పోతే నాకంటూ ఏం మిగలదు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన భోజనం చేస్తున్నారు. అత్తగారు తమలపాకుల ఈనెలు తీస్తున్నారు. వీధిలో పిల్లలతో సినిమా ఆట ఆడి వచ్చిన పాప అడిగింది.

"అమ్మా, నీ పుస్తకంలో నీడ ఎవులు తీసినారే?"

"మాంత్రికుడే" అన్నారు ఆయన, నేను నోరు తెరవకముందే.

"కాదు. మొగుడే తీసినాడు" అన్నాను.

"ఏటీ, ఆ పేజీ సూపించు మరి" అని నవ్వారు.

"పేజీ పోనాది. నాకు గుర్తుంది" అని పాప వైపు తిరిగాను. "నా ఉద్యోగం నాను మానీలేదమ్మా. కాగితం మీ నాన్న రాసినారు. నాను సంతకం పెట్టినాను. అదీ నిజమే."

ఆయన అన్నం కలపడం ఆపారు. అత్తగారు ఆకు పక్కన పెట్టారు. కాదని మాత్రం ఎవరూ అనలేదు.