తడవని బ్యాగు

ఉదయ్ కుమార్ వచ్చి పడవ పక్కన నిలబడగానే నజ్మీన్ కడుపు రగిలిపోయింది. చలికాలం ఎప్పుడొస్తుందా, బాతుల వెంట ఈ మొహం ఎప్పుడొస్తుందా అని ఏడాదిగా కాచుకుని ఉంది. ఆయన మాత్రం ఆమెను ఎరగడు. మనిషి పోయిన ఇంటికి పరామర్శకు వచ్చి ఉంటేగా ఎరగడానికి!

"దిబ్బకు పోనియ్యమ్మా. చారల తల బాతులు దిగాయంట," అన్నాడు కెమెరా బ్యాగును పసిబిడ్డలా గుండెకు హత్తుకుని. వెంట వచ్చిన నేస్తాలు గట్టు మీద నుంచే చూస్తామన్నారు. ఈయనకు దగ్గరి ఫొటోలు కావాలి.

వినుకొండ అవతల మిరప, పత్తి చేల నడుమ ఉన్న ఆ చెరువులో దిబ్బకు వెళ్లాలంటే పడవ తప్ప దారి లేదు. నిరుడు దాన్ని నజ్మీన్ భర్త సిలార్ నడిపేవాడు. ఆయన చెప్పేదాకా పడవలో ఎవరూ లేవకూడదు. ఈ పెద్దమనిషి లేచాడు, బాతులు ఎగిరాయని ఫొటో కోసం. పడవ బోల్తా కొట్టింది. అంచు తలకు తగిలిన సిలార్ చెయ్యి చాచాడు. లైఫ్ జాకెట్‌లో తేలుతున్న ఉదయ్ కుమార్ ఒక చేత్తో పడవను, ఇంకో చేత్తో బ్యాగును పట్టుకున్నాడే గాని, ఆ చెయ్యి అందుకోలేదు. సిలార్ మునిగిపోయాడు. గట్టు పక్క చేలో పత్తి తీస్తున్న నజ్మీన్ అంతా కళ్లారా చూసింది.

పైగా ఈ పెద్దమనిషే పడవవాడు తాగి ఉన్నాడని ఊరంతా చెప్పాడు. చుక్క ముట్టని మనిషిని! కూలిదాని మాట ఎవరు వింటారు? బడిలో ఆమె కూతుర్ని తాగుబోతు కూతురా అని పిలుస్తున్నారు. పోయిన మనిషి ఎటూ రాడు, ఆ మనిషి పేరైనా శుభ్రంగా ఇంటికి రావాలి. అందుకే ఆమె గడ పట్టింది.

దిబ్బ దగ్గర బురదలో జారతానేమోనని ఉదయ్ కుమార్ బ్యాగు పడవలోనే ఉంచి దిగాడు. నజ్మీన్ గడతో పడవను వెనక్కి నెట్టింది.

"ఏయ్, బ్యాగు!"

"నేను సిలార్ పెళ్లాన్నండి."

ఆయన మొహం పాలిపోయింది.

"ఫోనుందిగా. మీ పక్షులోళ్ల గ్రూపులో మీ నోటితో చెప్పండి, ఎవరు లేచారో, ఎవరు తాగలేదో. లేకపోతే ఇది చెరువులోకే," అంటూ బ్యాగును నీళ్ల మీద వేలాడదీసింది.

"దాని విలువెంతో తెలుసా నీకు?"

"తెలుసండి. మా ఆయన పాణం కంటే ఎక్కువ."

ఆయన ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పాడు. తనే లేచానని, సిలార్ తాగలేదని, తను చెప్పింది అబద్ధమని.

"పంపాను తల్లీ. ఇక పడవ తీసుకురా."

చల్లారుతుందనుకున్న కడుపు చల్లారలేదు. నజ్మీన్ పడవను గట్టు వైపు తిప్పింది.

"నన్నొదిలేసి పోతావా!"

"బ్యాగు భద్రంగా చేరుస్తానండి. మీకు కావాల్సింది అదేగా!"

గట్టు మీద నేస్తాలు ఫోన్లు చెవుల దగ్గర పెట్టుకుని ఆ మాటలే వింటూ నిలబడి ఉన్నారు. నజ్మీన్ బ్యాగు మీది తుంపర్లను కొంగుతో తుడిచి వాళ్ల ముందు పెట్టింది.

"మరి ఉదయ్ గారు?" అని అడిగారొకరు.

దిబ్బ మీద ఆయన రెండు చేతులూ చాచి అరుస్తున్నాడు. నజ్మీన్ ఆ చేతుల్ని తనివితీరా చూసింది.

"చాచిన చెయ్యి అందుకునే అలవాటు ఆయనకు లేదండి. నేనూ ఆయన్ని చూసే నేర్చుకున్నా," అని పడవ గొలుసుకు తాళం వేసి ఇంటికి నడిచింది.