అమ్మేవాడు కోసిచ్చిన ముక్క

కెనడాలోని విండ్సర్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే వర్ష నిజామాబాద్ నుంచి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. పగలు కాలేజీ, సాయంత్రం కాఫీ షాపులో పని. సెప్టెంబరులో ఒకరోజు ఫోను తెచ్చి ఒక యాప్ చూపించింది. హోటళ్లకు స్టార్లు ఇస్తే కమిషన్ ఇస్తారట. ముందు కొంత సొమ్ము మనమే జమ చేయాలట.

నేను కార్ల విడిభాగాల ప్లాంట్‌లో ముప్పై ఏళ్లు ఉక్కును పరీక్షించి రిటైరైనవాణ్ని. పరీక్షించకుండా దేన్నీ నమ్మను, కొట్టిపారేయను. అందుకే, కొద్ది మొత్తం వేసి వెనక్కి తీసి చూడమన్నాను.

యాభై డాలర్లు వేస్తే అరవై ఎనిమిది వచ్చాయి. రెండోసారీ వచ్చాయి, మూడోసారీ వచ్చాయి. ప్రతిసారీ మెట్లెక్కి వచ్చి చెప్పేది. మూడు ప్రయోగాలు ఒకే ఫలితమిస్తే నమ్మవచ్చునన్నది నేనే.

నవంబరు చివర ఒక మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, జనవరి సెమిస్టరు ఫీజుకు నాన్న పంపిన ఎనిమిది వేల డాలర్లూ అందులో వేశానని చెప్పింది. ఇప్పుడవి తిరిగి ఇవ్వాలంటే పన్నుగా పన్నెండు వందలు కట్టమంటున్నారట. ఆమె దగ్గర మిగిలిందీ అంతే. ఫీజుకు శుక్రవారం గడువు. సీటు పోతే స్టడీ పర్మిట్ కూడా నిలవదు.

"మీరు చెప్పినట్టే టెస్ట్ చేశా అంకుల్," అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

పొయ్యి దగ్గరున్న నా భార్య భ్రమరాంబ ఇటు తిరగలేదు. "ప్లాంట్‌లో అయితే సప్లయర్ పంపిన ఉక్కు ముక్కని ముట్టుకునేవారే కాదు. గోడౌన్‌కి వెళ్లి మీరే కోయించుకొచ్చేవారు. ఇక్కడ ముక్క ఎవరు కోశారండీ?"

అమ్మేవాడు ఎంచి పంపిన ముక్క ఏ పరీక్షలోనూ విరగదు, విరగనిదే పంపుతాడు. ముప్పై ఏళ్లు కొత్తవాళ్లకు ఇదే నేర్పాను.

"పన్నెండు వందలు కట్టనా అంకుల్?"

"వద్దమ్మా. నేను చెప్పిన టెస్టే తప్పు. ఆ మూడుసార్లు ఇచ్చింది మనకి చూపించడానికే."

"మరి ఎనిమిది వేలు?"

"రావు."

తల ఊపింది, బస్సు వెళ్లిపోయిందని ఎవరో చెప్పినట్టు.

బ్యాంకుకూ పోలీసులకూ చెప్పాం. ఇద్దరూ వివరాలు రాసుకున్నారు. కాలేజీకి ఫోన్ చేస్తే, పన్నెండు వందలు ఇప్పుడు కడితే జనవరి పది వరకు సీటు ఉంచుతామన్నారు. నా ఎదురుగానే కట్టింది. మిగతా ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో ఎవరమూ అనలేదు. ఆ నెల అద్దె మాట నేను ఎత్తలేదు.

నాలుగింటికి ఆమె షిఫ్టు. మంచు పడుతోందని కారులో దింపాను. దారిలో ఫోను మోగుతూనే ఉంది. పన్ను కట్టే గడువు అయిపోతోందని ఆ యాప్ వాళ్ల మెసేజీలు. వర్ష ఫోనును ఒడిలో బోర్లించింది. దిగేటప్పుడు థాంక్యూ అంకుల్ అని, తలుపు మెల్లగా వేసింది.